పావ్లోవ్ పండితుడును కాలేయ రహస్యమును

పావ్లోవ్ అను పేరు వినగానే మనలో చదువుకొన్న వారికందరికిని ఒక కుక్కయు, ఒక గంటయు స్మరణకు వచ్చును. గంట మ్రోగిన వెంటనే ఆహారము వచ్చునను ఆశతో కుక్క నోట నీరూరుట అను ఆ ప్రయోగము పాఠ్యగ్రంథములలో చేరి, సామెత వలె లోకమున వ్యాపించినది. కాని ఆ కీర్తి చాటున మరియొక కథ మరుగుపడి యున్నది. అది నోటికి సంబంధించినది కాదు. కడుపులో కుడివైపున, ప్రక్కటెముకల క్రింద, సడి చేయక పనిచేయు కాలేయమునకు సంబంధించినది. మన పెద్దలు కార్జమని పిలిచిన ఆ అవయవము ప్రాణికి ఎట్టి సేవ చేయుచున్నదో తెలుపుటకు పావ్లోవ్ చేసిన కృషి గంట కథకంటె తక్కువది కాదు. ఆ కృషిని మరచినందువలన వైద్యలోకము ఒకప్పుడు కొంత మూల్యమును కూడ చెల్లించినది. కావున ఆ మహాశయుని జీవితమును ఈ దారి వెంట ఒకసారి పరికింతము.

ఇవాన్ పెట్రోవిచ్ పావ్లోవ్ 1849వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన, మాస్కో నగరమునకు ఆగ్నేయ దిశయందున్న ర్యాజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ పురోహితుడు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బిడ్డలలో ఇవాన్ జ్యేష్ఠుడు. చిన్ననాడు ఎత్తయిన స్థలమునుండి రాతినేలపై పడి, బహుకాలము బలహీనుడై యుండి, పదునొకండవ యేట గాని పాఠశాలలో చేరలేకపోయెను. ఈ ఆలస్యము ఆయనకు కీడు చేయలేదు. తండ్రితో కూడి తోటలో త్రవ్వుట, నాటుట, నీరు పోయుట అలవాటై, చేతిపనియందు గౌరవము పసితనముననే కుదిరెను. ఏ పుస్తకమునైనను రెండు మారులు చదువవలెనని తండ్రి విధించిన నియమము కూడ ఆయనకు మేలు చేసినది. ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదను బుద్ధి ఆ నియమమునుండియే మొలిచినదేమో! ముందు చెప్పబోవు కథకు ఆ బుద్ధియే ప్రాణము.

తండ్రితాతల వృత్తి పౌరోహిత్యము గనుక ఇవాన్‌ను ర్యాజాన్‌లోని మతవిద్యాలయమున చేర్చిరి. కాని ఆ దినములలో రష్యా దేశపు యువకుల మనస్సులను ప్రకృతిశాస్త్రములు ఆకర్షించుచుండెను. మెదడు యొక్క ప్రతిచర్యలను గూర్చి సెచెనోవ్ అను శాస్త్రజ్ఞుడు 1863లో రచించిన గ్రంథము పావ్లోవ్ హృదయమును కదలించివేసెను. 1870లో ఆయన మతవిద్యను విడిచి, సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములు చదువ బోయెను. అచట సియోన్ అను ఆచార్యుడు శరీరధర్మశాస్త్రమును బోధించుచుండెను. శస్త్రము పట్టుటలో ఆ ఆచార్యునకు గల నేర్పు శిష్యునకు సంక్రమించెను. పావ్లోవ్ పుట్టుకతో ఎడమచేతివాటము వాడు. అభ్యాసముచేత రెండు చేతులను సమానముగ వాడ నేర్చెను.

1875లో పట్టము పొందిన పిదప ఆయన అదే నగరమునందలి వైద్య శస్త్రచికిత్సా అకాడెమీలో చేరెను. రోగులకు చికిత్స చేయవలెనను కోరిక ఆయనకు లేదు. శరీరధర్మశాస్త్రమున ఆచార్యత్వమునకు అర్హత సంపాదించుటయే ఉద్దేశము. సియోన్ ఆచార్యుడు అప్పటికే ఆ అకాడెమీ విద్యార్థుల ఆగ్రహమునకు గురియై పదవిని వీడవలసి వచ్చెను. ఆ స్థానమునకు వచ్చిన తర్ఖానోవ్ సహాయకపదవి నిత్తుననగా, గురువునకు జరిగిన దానిని సహింపజాలని పావ్లోవ్ దానిని నిరాకరించెను. అభిమానధనుడు, లాభనష్టములు చూచుకొనువాడు కాడు.

విధి విచిత్రమైనది. పావ్లోవ్ కాలు పెట్టనొల్లని ఆ తర్ఖానోవ్ ప్రయోగశాలలోనే, 1877లో, నికొలాయ్ ఎక్ అను శస్త్రవైద్యుడు ఒక సాహసకార్యము చేసెను. దానిని గ్రహించుటకు ముందు శరీరనిర్మాణమును కొంత తెలిసికొనవలెను. ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. తెలుగు పాఠములు చెప్పుకొనువాడు. ఐనను తెలిసినంతవరకు సులభముగ విన్నవించును.

దేహమందలి సిరలు సాధారణముగ రక్తమును నేరుగా గుండెవైపునకు కొనిపోవును. జీర్ణకోశము, ప్రేవులు, ప్లీహము అను వీని రక్తము మాత్రము అట్లు పోదు. అది నిర్వాహక సిర యను నొక పెద్ద సిరలో కూడి, ముందుగా కాలేయమున ప్రవేశించి, అచట సన్నని నాళములలో వ్యాపించి, పిదప అధోమహాసిర ద్వారా గుండెను చేరును. పూర్వము ఊరిలోనికి వచ్చు సరకు సుంకపు ఠాణా దాటి రావలసినట్లు, మనము తిన్న ఆహారపు సారములో అధికభాగము కాలేయపు వాకిలి దాటియే దేహమున ప్రవేశించును. కాలేయము వ్యాధిచేత గట్టిపడి ముడుచుకొనినచో ఆ వాకిలి ఇరుకగును. దీనినే సిర్రోసిస్ అందురు. అప్పుడు వెనుకనున్న రక్తమునకు త్రోవ చాలక ఒత్తిడి పెరుగును. కడుపులో నీరు చేరి, మన ఆయుర్వేదము జలోదరమని చెప్పిన స్థితి కలుగును. అన్నవాహిక క్రింది భాగమున సిరలు ఉబ్బి, పగిలి, రోగి రక్తము కక్కుకొని మరణించుటయు కలదు.

ఇరుకైన వాకిలి ప్రక్కన వేరొక దారి తీసిననేమి యని ఎక్ యోచించెను. నిర్వాహక సిరను అధోమహాసిరతో ప్రక్కప్రక్కల చేర్చి కుట్టి, రెంటి నడుమ రంధ్రము చేసి, కాలేయమునకు పోవు కొసను ముడివేసినచో, ప్రేవుల రక్తము కాలేయముతో పని లేకయే గుండెకు పోవును. నాటి సాధనములతో, కుట్లు ఊడకుండ, రక్తము గడ్డకట్టకుండ ఈ పని చేయుట సామాన్యము కాదు. ఎక్ ఎనిమిది కుక్కలపై దీనిని ప్రయోగించెను. ఏడు మరణించినవి. ఎనిమిదవది రెండున్నర మాసములు బ్రతికి, పిదప ప్రయోగశాలనుండి పారిపోయినది. ఈ రక్తమును కాలేయమునకు తప్పించి మరలించినను దేహమునకు అపాయము లేదనియు, మనుష్యులకు ఈ చికిత్స చేయుటకు ముఖ్యమైన అడ్డంకి తొలగినదనియు నిర్ణయించి ఎక్ ఒక చిన్న వ్యాసమును ప్రకటించెను. ఆ కలయికకు ఎక్ ఫిస్టులా యను పేరు స్థిరపడినది. పారిపోయిన కుక్క తరువాత ఏమైనదో ఎవరును ఎరుగరు. సాక్ష్యము ముగియకమునుపే న్యాయస్థానము వీడిపోయిన సాక్షి యది.

పావ్లోవ్ అప్పటికి పేద విద్యార్థి. 1878 మొదలు బోట్కిన్ అను ప్రసిద్ధ వైద్యుని చికిత్సాలయమునకు చేరిన చిన్న ప్రయోగశాలను నడుపుచు, 1879లో వైద్యపట్టమును, 1883లో గుండెకు పోవు నాడులను గూర్చిన పరిశోధనకు డాక్టరు బిరుదమును పొందెను. 1881లో సెరాఫీమా అను విద్యావతిని వివాహమాడెను. సంసారమునకు చాలినంత ధనము లేదు. తొలి కుమారుడు పసితనముననే మరణించెను. శిష్యులు గురువు ఇబ్బంది చూడలేక కొంత సొమ్ము పోగుచేసి యియ్యగా, ఆయన దానితో ప్రయోగములకు జంతువులను కొనెనని చెప్పుదురు. 1884 నుండి 1886 వరకు జర్మనీలో లుడ్విగ్, హైడెన్‌హైన్ అను మహాశాస్త్రజ్ఞుల కడ పనిచేసి వచ్చిన పిదప కూడ తగిన ఉద్యోగము దొరకలేదు. నలుబదియేండ్ల వయస్సున గాని దశ తిరుగలేదు. 1890లో సైనిక వైద్య అకాడెమీలో, అనగా తాను చదివిన అకాడెమీలోనే, ఔషధశాస్త్ర ఆచార్యపదవియు, 1891లో నూతనముగ వెలసిన ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరధర్మశాస్త్ర విభాగాధిపత్యమును లభించెను.

ఆ సంస్థలో పావ్లోవ్ చేసిన ముఖ్యమైన పని, మనుష్యుల ఆసుపత్రిలో వలెనే జంతువులకును శుభ్రమైన శస్త్రచికిత్సాగృహము ఏర్పరచుట. కుక్కను కడిగి సిద్ధపరచుటకు ఒక తావు, శస్త్రము చేయుటకు ఒక తావు, కోలుకొనుటకు ఒక తావు వేరువేరుగ నుండెను. నాటి శాస్త్రజ్ఞులు పలువురు ప్రాణిని కోసి, కొన్ని గంటలు కొలతలు వ్రాసికొని, అది చచ్చుటతో ప్రయోగము ముగిసినదని తలచుచుండిరి. నొప్పిలోను మత్తులోను ఉన్న ప్రాణి తన సహజజీవితమును చూపజాలదని పావ్లోవ్ మతము. గాయము మాన్పి, తిని తిరుగు ప్రాణిని నెలల తరబడి చూడవలెనని ఆయన పట్టుదల.

ఆ పట్టుదలతో ఆయన ఎక్ ప్రయోగమును మరల చేయ బూనెను. అదే సంస్థలో రసాయనశాస్త్ర విభాగమును నడుపుచున్న పోలెండు దేశీయుడు మార్సెలీ నెంత్స్కీయు, హాన్, మాసెన్ అనువారును ఆయనతో కలిసిరి. శస్త్రము పావ్లోవ్‌ది, రసాయన పరీక్ష నెంత్స్కీది. దాదాపు 60 కుక్కలకు శస్త్రము చేయగా మూడవ వంతు మాత్రమే బ్రతికి నిలిచినవి. వాని చరిత్రయే 1893లో జర్మను భాషలో వెలువడిన సుదీర్ఘ వ్యాసము.

గాయము మానినది, కుక్క లేచి తిరిగినది, ఎక్ చూచినది ఇంతవరకే. పావ్లోవ్ ఇచట ఆగలేదు. కొన్ని దినములు గడవగా కుక్కల స్వభావము మారజొచ్చెను. సాధువులైనవి మొండివై, కోపము హెచ్చి, అన్నము పెట్టిన చేతినే కరువ వచ్చెను. పిమ్మట నడక తడబడెను. కన్నులు తెరచియే యున్నను చూపు లేక గోడలకు తగులుచు తిరిగెను. ఈడ్పులు వచ్చెను. కొన్ని స్మారకము లేని నిద్రలో పడి మరణించెను. మరికొన్ని తేరుకొని, మామూలుగ నుండి, తిరిగి అదే స్థితిలో పడెను. ఇది ఎప్పుడు వచ్చుచున్నదని ఆరయగా, మాంసము తిన్న పిదప అని తేలినది. పాలు, రొట్టెలతో నున్న కుక్క నెమ్మదిగ నుండెను. మాంసము పెట్టినచో జబ్బుపడెను. కొన్ని కుక్కలు తమంత తామే మాంసమును ముట్టుట మానెను.

కుక్కకు మాంసము విషమగుట! ప్రకృతివిరుద్ధముగ తోచు ఈ మాటలోనే కాలేయ రహస్యము దాగియున్నది. మాంసకృత్తులు జీర్ణమగునపుడు ప్రేవులలో అమ్మోనియా పుట్టును. ఆరోగ్యవంతమైన దేహమున కాలేయము దానిని వాకిటనే పట్టి, అపాయము లేని యూరియాగా మార్చును; ఆ యూరియా మూత్రముతో వెలికి పోవును. శస్త్రము చేసిన కుక్కల మూత్రమును పరీక్షింపగా యూరియా తగ్గి, అమ్మోనియా హెచ్చి యుండెను. రక్తము ఠాణాను తప్పించుకొని నేరుగా ఊరిలోనికి పోవుచున్నది. దానితో పాటు విషమును పోవుచున్నది. ఆ విషము సోకినది కడుపునకు కాదు, మెదడునకు. కాలేయమునకును మనస్సునకును ఇంతటి సంబంధము కలదని పావ్లోవ్ కుక్కలు చెప్పిన రీతిగా అంతకు ముందెవ్వరును చెప్పియుండలేదు.

మరియొక విషయము కూడ వెల్లడియైనది. శస్త్రము చేసిన కుక్కల కాలేయములు చిక్కిపోయి, కొవ్వు పట్టి యుండెను. కాలేయ ధమని ద్వారా రక్తము వచ్చుచునే యున్నను, ప్రేవుల రక్తము రాకపోవుటచేత అవి కృశించినవి. ఠాణా కాపలాదారు సరకును పరీక్షించుటయే కాక, ఆ సరకుమీదనే బ్రతుకుచున్నాడన్నమాట. దారి మరలించినచో ఊరికి మాత్రమే గాక కాపలాదారునకును చేటు.

పావ్లోవ్ బృందము అన్నిటను సరిగనే యుండెనని చెప్పరాదు. కుక్కల మూత్రమున కార్బమిక్ ఆమ్లపు లవణములు కనబడగా, ఆ ఆమ్లమే ముఖ్యమైన విషమని వారు తలచిరి. తరువాతి పరిశోధకులు అమ్మోనియానే ప్రధాన దోషిగా నిర్ణయించిరి. కాని వారు చూచినది తప్పు కాదు. దానికి పెట్టిన పేరు మాత్రమే తప్పు. పిమ్మటి సంవత్సరములలో నెంత్స్కీ, పావ్లోవ్, జలేస్కీ కలిసి రక్తములోని అమ్మోనియాను కొలిచి, అది ధమనులలో కంటె నిర్వాహక సిరలో హెచ్చని చూపిరి. అమ్మోనియా యూరియాగా మారు రసాయన చక్రము 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ అనువారి చేత వెల్లడియైనది.

పావ్లోవ్ దృష్టి ఇంతలో జీర్ణరసముల మీదికి మరలెను. జీర్ణగ్రంథుల పనిని గూర్చిన ఆయన ఉపన్యాసములు 1897లో గ్రంథముగ వెలువడెను. 1904లో ఆ కృషికే నోబెల్ బహుమానము లభించెను. రష్యా దేశీయులలో దానిని పొందిన ప్రథముడు ఆయనయే. అప్పటికే ఆయన నిబంధిత ప్రతిచర్యల పరిశోధనలో మునిగియుండెను. లోకమెరిగిన గంట కథ అదియే. 1917 విప్లవము పిదప ఆకలి దినములు వచ్చి, ప్రయోగశాలలో కుక్కలకే కాక మనుష్యులకును తిండి కరవయ్యెను. 1921 జనవరిలో లెనిన్ సంతకముతో ఆయన పరిశోధనలకు వసతులు కల్పించు ఆజ్ఞ వెలువడెను. ఐనను ఆ ప్రభుత్వపు తప్పులను బాహాటముగ విమర్శించుట ఆయన మానలేదు.

1927లో ఆయనకే పిత్తమార్గమున రాళ్లు ఏర్పడి శస్త్రచికిత్స జరిగెను. అప్పటికి ఆయన వయస్సు 77 ఏండ్లు. ఎందరో ప్రాణులను శస్త్రము క్రింద పరుండబెట్టిన వాడు తానును పరుండెను. కోలుకొనుచున్న దినములలో తన గుండె గతి తప్పుటను తానే పరిశీలించి, దానిని ఒక శాస్త్రవ్యాసముగ వ్రాసెను. గాయము మానిన పిదప ఏమి జరుగునో చూడవలెనను నియమమును తన దేహము విషయమునను ఆయన విడువలేదు. 1936 ఫిబ్రవరి 27వ తేదీన, అప్పుడు లెనిన్‌గ్రాడ్ అని పిలువబడుచున్న ఆ పీటర్స్‌బర్గ్ నగరముననే, 86 ఏండ్ల వయస్సున పావ్లోవ్ కన్నుమూసెను.

కుక్కల కథ మాత్రము ఆయనతో ముగియలేదు. 1903లోనే ఫ్రాన్సు దేశమున విదాల్ అను వైద్యుడు ఒక రోగికి ఈ శస్త్రచికిత్స చేసియుండెను; కాని అది ప్రచారమునకు రాలేదు. 1945లో న్యూయార్కు నగరమున విప్పుల్, బ్లేక్‌మోర్ ప్రభృతులు దానిని తిరిగి చేపట్టిరి. తరువాతి ఇరువది యేండ్లలో అది పలు దేశములకు ప్రాకెను. ఫలము కన్నులకు కట్టినట్లుండెను: ఉబ్బిన సిరలలో ఒత్తిడి తగ్గెను, రక్తము కక్కుట ఆగెను. మృత్యుముఖమునుండి వెలువడిన రోగిని ఇంటికి తీసికొనిపోవు బంధువుల ఆనందమునకు మేర యుండునా? కాని అట్లు పోయిన వారిలో పలువురు కొంతకాలమునకు చేతులు వణకుచు, రేయి పగలు తారుమారై, తనవారిని గుర్తింపలేక, మైకమున పడుచు మరల ఆసుపత్రికి వచ్చిరి. మాంసము తిన్న పిదప ఇది హెచ్చుటయు కనబడెను. 1954లో అమెరికాలో మెక్‌డెర్మాట్, ఆడమ్స్ అనువారును, ఇంగ్లండులో షీలా షెర్లాక్ బృందమును ఈ స్థితిని వివరముగ వర్ణించిరి. అది పావ్లోవ్ 60 ఏండ్లకు ముందు తన కుక్కలయందు చూచినదే.

రోగులను రెండు వర్గములుగ చేసి పోల్చిన పరీక్షలు 1960, 1970 దశాబ్దములలో జరిగినవి. ఈ చికిత్స రక్తస్రావమును ఆపుచున్నను, మొత్తముమీద ఆయుర్దాయమును అంతగా పెంచుట లేదని తేలినది. ఒకరు రక్తము పోయి మరణించుటకు మారుగ, మరియొకరు కాలేయము క్షీణించి మరణించుచుండిరి. ప్రేవుల రక్తము లేనిచో కాలేయము ఏల కృశించునను ప్రశ్నకు 1970 దశాబ్దమున స్టార్జల్ అను శస్త్రవైద్యుడు సమాధానము వెదకి, ఆ రక్తముతో వచ్చు ఇన్సులిన్ కాలేయమును పోషించు పదార్థములలో ముఖ్యమైనదని చూపెను. నేడు ఆ పాత శస్త్రచికిత్స అరుదైనది. మెడ సిర గుండా సన్నని సాధనమును పంపి, కాలేయము లోపలనే దారి చేయు పద్ధతి 1980 దశాబ్దపు చివర నుండి వాడుకలోనికి వచ్చినది. దానియందును మైకపు భయము పూర్తిగా తొలగలేదు. లాక్ట్యులోజ్ వంటి మందులు దానిని కొంత అదుపున నుంచును. మాంసకృత్తులను మొత్తము మాన్పించినచో కండ కరగి మరింత కీడగునని తెలిసినందున, నేటి వైద్యులు రోగిని అట్లు ఎండగట్టరు. కాలేయము బొత్తిగా చెడినవారికి దానిని మార్చు చికిత్సయు నేడు కలదు.

ఇదంతయు చెప్పి ఎక్‌ను నిందించుట న్యాయము కాదు. ఆతడు దారి చూపెను. ఆతని చేతినేర్పు లేనిచో పావ్లోవ్ పరిశీలనయే లేదు. ఆతని లోపము ఒక్కటే. ప్రాణి బ్రతికినదనుటకును, దానికి కీడు జరుగలేదనుటకును గల భేదమును ఆతడు చూడలేదు. పావ్లోవ్ దానిని చూచెను. ఆ చూపునకు మూల్యము చెల్లించినవి కుక్కలు. ఆ 60 ప్రాణుల వేదనను తలచినపుడు ఏ సహృదయునకైనను మనస్సు కలుక్కుమనక మానదు. పావ్లోవ్ కూడ ఆ ఋణమును మరచినవాడు కాడు. 1935లో, ఆయన జీవించియుండగనే, ఆ సంస్థ ఉద్యానమున ఒక కుక్క విగ్రహము నెలకొల్పబడినది; అది నేటికిని అచట కలదు.

మన ఇండ్లలోను ఆసుపత్రి వరండాలలోను శస్త్రచికిత్స ముగిసినదని వినగానే కుట్లు మానినవా యని అడుగుదుము. మానినవనగానే నిశ్చింతగ నిట్టూర్తుము. అది సహజమే. ఐనను రోగి మాట తీరు మారినదా, నిద్ర వేళలు తప్పినవా, తనవారిని గుర్తించుచున్నాడా యని మరికొన్ని మాసములు కనిపెట్టి యుండుట కూడ ఆత్మీయుల ధర్మము. ఒక పుస్తకమును రెండు మారులు చదువుమని ర్యాజాన్ పురోహితుడు కొడుకునకు చెప్పిన మాట అచటను పనికివచ్చును.